ఒకే ప్రాసెసర్, రెండు బోర్డులు, రెండు అంకెలు: టెంపరేచర్ ప్రాజెక్టు డైరీ

ఏం తేల్చాలి

ఒకే ప్రాసెసర్‌ని ఒక మదర్‌బోర్డులోంచి తీసి ఇంకో దాంట్లో పెడితే టెంపరేచర్ దాదాపు 20 డిగ్రీల తేడా చూపించింది. కూలర్ అదే, థర్మల్ పేస్ట్ అదే, గది అదే. ఇలాంటప్పుడు చాలామంది పేస్ట్ సరిగ్గా పడలేదేమో అనుకుని కూలర్ విప్పి మళ్ళీ బిగిస్తారు. అప్పటికీ తగ్గకపోతే కొత్త కూలర్ కొంటారు. అంతకంటే ముందు తేల్చాల్సిన విషయం ఒకటుందని నాకు అనిపించింది. ఈ 20 డిగ్రీలలో నిజంగా వేడిలో ఉన్న తేడా ఎంత? అంకె తయారయ్యే దారిలో పుట్టిన తేడా ఎంత? ఈ రెండింటినీ విడదీయడమే ఈ ప్రాజెక్టు.

విడదీయాలంటే బోర్డుతో సంబంధం లేని కొలత ఒకటి కావాలి. అందుకే కూలర్ అడుగు పలకకి పక్కనుంచి మధ్య వరకు సన్నని రంధ్రం వేసి, అందులో కె-టైప్ థర్మోకపుల్ (రెండు లోహపు తీగలు కలిసే కొస దగ్గర వేడిని కొలిచే సాధనం) దూర్చి, కొంచెం థర్మల్ పేస్ట్‌తో నింపాను. ప్రాసెసర్‌ని తాకే ముఖం మీద గీత కూడా పడలేదు కాబట్టి వేడి దిగే దారి మారలేదు. గది గాలికి డీఎస్18బీ20 సెన్సర్. ఇది మైనస్ 10 నుంచి 85 డిగ్రీల మధ్య అర డిగ్రీ అటూ ఇటూగా చెబుతుంది, నా పనికి అది చాలు. ఫ్యాన్‌ని బోర్డుకి తగిలించలేదు. విడిగా 12 వోల్టుల సప్లై ఇచ్చి ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేలా చేశాను. బోర్డు చేతిలో ఫ్యాన్ ఉంటే, అది తన అంకెని బట్టి వేగం మారుస్తుంది, అప్పుడు కొలత అంతా గజిబిజి అయిపోతుంది.

ఈ ఏర్పాటులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఫ్యాన్ వేగం మారకపోతే, హీట్‌సింక్, అంటే కూలర్‌లోని లోహపు దిమ్మ, గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉందన్నది దానిలోకి దిగుతున్న వాట్లకి ఇంచుమించు అనులోమంగా ఉంటుంది. అంటే హీట్‌సింకే వాట్‌మీటర్ అయింది. రెండు బోర్డుల మీదా హీట్‌సింక్ ఒకేలా వేడెక్కి, తెర మీది అంకెలు మాత్రం వేరుగా ఉంటే ఆ తేడా రీడింగ్‌లో ఉన్నట్టు. హీట్‌సింక్ కూడా తేడా చూపిస్తే వేడిలోనే ఉన్నట్టు.

పాత సాకెట్‌తో మొదలు

నేరుగా కొత్త బోర్డుల మీదికి వెళ్ళకుండా ముందు ఏఎండీ పాత సాకెట్ ఎ బోర్డు ఒకటి, అందులో ఒక అథ్లాన్ ఎక్స్‌పీ ప్రాసెసర్ తీసుకున్నాను. కారణం ఒక్కటే. ఈ తరం బోర్డుల్లో సెన్సర్ కంటికి కనిపిస్తుంది. ప్రాసెసర్ తీస్తే సాకెట్ మధ్య ఖాళీలో రెండు కాళ్ళ మీద నిలబడ్డ చిన్న పూస లాంటి థర్మిస్టర్ (వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే సెన్సర్) ఉంటుంది. కొన్ని బోర్డుల్లో అది నిలబడకుండా బోర్డుకి అతుక్కుని చదునుగా ఉంటుంది. బయోస్‌లో (కంప్యూటర్‌ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) కనిపించే 'సీపీయూ టెంపరేచర్' అక్కడినుంచి వచ్చేదే.

ఆ పూస కొలిచేది ప్రాసెసర్ చిప్ వేడిని కాదు, దాని పొట్ట కింద ఉన్న ప్యాకేజీ అడుగు వేడిని. వేడిలో సింహభాగం పైకి హీట్‌సింక్‌లోకి పోతుంది. కిందికి వచ్చే కొద్దిపాటి వేడి ప్యాకేజీ దాటి, పిన్నుల గుండా బోర్డులోకి జారుతుంది. పూస ప్యాకేజీని తాకితే ఒక అంకె, ఒకట్రెండు మిల్లీమీటర్ల గాలి మధ్యలో ఉంటే ఇంకో అంకె. జ్వరం చూసేటప్పుడు థర్మామీటర్ నాలుక కింద పెట్టినా చంకలో పెట్టినా మనిషి వేడి అదే, అంకె వేరు. ఇదీ అలాంటిదే.

కాళ్ళు జాగ్రత్తగా వంచి రెండు స్థితుల్లోనూ కొలిచాను. మొదట పూస ప్యాకేజీని తాకేలా, మధ్యలో పేస్ట్ చుక్క పెట్టి. తర్వాత దాన్ని కిందికి వంచి, గాలి ఖాళీ వదిలి. లోడ్ ఒకటే, హీట్‌సింక్‌లోని థర్మోకపుల్ రెండు సార్లూ ఒకే అంకె దగ్గర నిలబడింది. బోర్డు చూపిన అంకె మాత్రం ఆరేడు డిగ్రీలు పడిపోయింది. లోడ్ ఆపినప్పుడు పూస దిగడానికి నిమిషాలు పట్టింది. అంటే ఇది తక్కువ చెప్పడమే కాదు, ఆలస్యంగా కూడా చెబుతోంది.

అప్పట్లో బోర్డుల తయారీదారులు ఈ లోటు తెలిసే బయోస్‌లో కొన్ని డిగ్రీలు కలిపి చూపించేవారు. ఎంత కలపాలన్నది ఎవరి నిర్ణయం వారిది. బయోస్ అప్‌డేట్ చేయగానే ప్రాసెసర్ 'చల్లబడటం', 'వేడెక్కడం' అనే వింత అక్కడ పుట్టిందే. ఇందులో బాధ కలిగించేది ఒకటుంది. 2001లో వచ్చిన అథ్లాన్ ఎక్స్‌పీ మొదటి రకం, పాలమినోలోనే చిప్ లోపల వేడిని కొలవడానికి థర్మల్ డయోడ్ ఉంది. దాని రెండు పిన్నులు సాకెట్ దాకా వస్తాయి కూడా. అక్కడినుంచి బోర్డు మీద రెండు సన్నని దారులు వేసి, బోర్డు మీద టెంపరేచర్లు కొలిచే చిప్‌కి కలిపితే సరిపోయేది. చాలా బోర్డులు ఆ పని చేయలేదు. లోపల నిజం చెప్పగలిగే సెన్సర్ ఉన్నా దాన్ని అడిగేవాళ్ళు లేరు.

థర్మిస్టర్‌లో దాగిన ఇంకో తేడా

పూస ఎక్కడుందన్న సంగతి తేలింది. అది సరైన చోట ఉన్నా అంకె తప్పే దారి ఇంకోటుంది, అది కాగితం మీద లెక్క వేస్తే చక్కగా కనిపిస్తుంది.

బోర్డుల్లో వాడే థర్మిస్టర్ సాధారణంగా 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు ఉండే ఎన్‌టీసీ రకం. వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎంత వేగంగా తగ్గుతుందన్నది బీటా అనే సంఖ్య చెబుతుంది. 3435 బీటా ఉన్నవి ఉన్నాయి, 3950 ఉన్నవీ ఉన్నాయి. బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, 25 డిగ్రీల దగ్గర రెండూ ఒకే విలువ చూపిస్తాయి.

ఇప్పుడు కొలిచే చిప్ 3435 అనుకుని వోల్టేజిని డిగ్రీలుగా మారుస్తోంది, బోర్డు మీద పెట్టింది మాత్రం 3950 అనుకుందాం. నిజం వేడి 40 డిగ్రీలైతే చూపేది సుమారు 42.4. నిజం 60 అయితే చూపేది 66. నిజం 80 అయితే 90. ఐడిల్‌లో, అంటే ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు, ఎవరికీ అనుమానం రాదు. లోడ్ పెరిగేకొద్దీ తేడా విప్పారుతూ పోతుంది.

దీన్ని రెండు రకాల థర్మిస్టర్లనీ ఒకే రాగి ముక్కకి కట్టి, వేడి నీళ్ళ పాత్రలో ప్లాస్టిక్ సంచిలో ముంచి చూశాను. నీళ్ళు చల్లారుతూ ఉంటే రెండు గీతలు దగ్గరవుతూ వచ్చి గది వేడి దగ్గర కలిసిపోయాయి. అన్నట్టు, థర్మిస్టర్‌తో కలిసి ఆ వోల్టేజిని తయారుచేసే 10 కిలో ఓముల పుల్అప్ రెసిస్టర్ మీద కూడా అనుమానం వచ్చి లెక్క చూశాను. అది ఒక శాతం తప్పినా 60 డిగ్రీల దగ్గర వచ్చే తేడా డిగ్రీలో మూడో వంతే. దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడ నాకు ఒక పనిముట్టు దొరికింది. రెండు రీడింగుల మధ్య తేడా వేడితోపాటు పెరుగుతుంటే మార్పిడి పట్టిక దగ్గర తప్పు వెతకాలి. ఎంత వేడిలోనైనా తేడా ఒకేలా ఉంటే ఎవరో ఒక స్థిర సంఖ్య కలిపారు లేదా తీసేశారు. లోడ్ మారిన క్షణంలో మాత్రమే తేడా వచ్చి తర్వాత సర్దుకుంటే ఒక సెన్సర్ దూరంగా ఉన్నట్టు. ముందు ముందు కొత్త బోర్డుల దగ్గర ఇదే వాడాను.

డయోడ్‌ని చేత్తో చదవడం

చిప్ లోపల డయోడ్ ఉంటే సమస్య తీరిపోయినట్టేనా? ఇది తెలుసుకోవడానికి నేనే ఒక డయోడ్ థర్మామీటర్ కట్టాను. ప్రాజెక్టులో నేను ఎక్కువ ఇష్టపడ్డ భాగం ఇదే.

సూత్రం చాలా అందమైనది. ట్రాన్సిస్టర్‌ని డయోడ్‌గా కలిపి ముందు తక్కువ కరెంటు, తర్వాత దానికి పది రెట్లు పంపాలి. రెండు సార్లూ దాని మీది వోల్టేజి కొలిచి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయాలి. ఆ తేడా నేరుగా కెల్విన్ ఉష్ణోగ్రతకి అనులోమంగా ఉంటుంది, డిగ్రీకి సుమారు 198 మైక్రోవోల్టులు. డయోడ్ తయారీలో ఉండే హెచ్చుతగ్గులు చాలావరకు ఈ తీసివేతలో కొట్టుకుపోతాయి. 25 డిగ్రీల దగ్గర తేడా 59 మిల్లీవోల్టులు రావాలి.

నేను 2ఎన్3904 ట్రాన్సిస్టర్ తీసుకుని, కలెక్టర్‌ని బేస్‌తో కలిపి, 3.3 వోల్టుల నుంచి ఒకసారి 270 కిలో ఓముల గుండా, ఇంకోసారి 27 కిలో ఓముల గుండా కరెంటు పంపాను. అంటే 10, 100 మైక్రోఆంపియర్ల దగ్గర. మధ్యలో డయోడ్ మీద భారం పడకుండా ఒక ఆప్‌యాంప్ బఫర్, దాని వెనక వోల్టేజిని అంకెగా మార్చే 16 బిట్ల ఏడీసీ, దాన్ని చదవడానికి ఒక ఆర్డ్యునో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. డయోడ్ వోల్టేజి రెండు సార్లూ ఒకటి కాదు కాబట్టి రెండు కరెంట్ల నిష్పత్తి కచ్చితంగా 10 రాదు, 9.8 దగ్గర ఉంటుంది. 10 అని లెక్క వేస్తే ఫలితం మూడు డిగ్రీలు తక్కువ వస్తుంది. అందుకే రెసిస్టర్ మీద పడే వోల్టేజి కూడా కొలిచి, అసలు నిష్పత్తితోనే భాగించాను. అప్పుడు గది సెన్సర్‌తో చక్కగా కలిసింది.

తర్వాత డయోడ్ దారిలో కావాలనే 10 ఓముల రెసిస్టర్ ఒకటి చేర్చాను. రీడింగ్ నాలుగున్నర డిగ్రీలు పైకి దూకింది. లెక్క కూడా అంతే చెబుతుంది: 90 మైక్రోఆంపియర్ల మార్పు 10 ఓముల మీద 900 మైక్రోవోల్టులు పుట్టిస్తుంది, దాన్ని కొలిచే చిప్ వేడి అనుకుంటుంది. ప్రాసెసర్ లోపలి తీగలు, సాకెట్ పిన్నులు, బోర్డు మీది రాగి దారి, ఇవన్నీ కలిసి కొన్ని ఓములు ఉన్నా ఒకటి రెండు డిగ్రీలు పోతాయి. ఆ దారి పక్కనే ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే వీఆర్‌ఎం స్విచింగ్ తీగలు ఉంటే ఆ రొద కూడా కలుస్తుంది. మైక్రోవోల్టుల పని కదా, మిల్లీవోల్టు రొద చాలా పెద్దది. డయోడ్ దారిని బోర్డు మీద ఎలా గీశారన్నదే ఇక్కడ అంకెని మార్చేస్తుంది.

ఇంకొకటి ఐడియాలిటీ ఫ్యాక్టర్. డయోడ్ సూత్రంలో 1కి చాలా దగ్గరగా ఉండే గుణకం ఇది. అప్పటి కొలిచే చిప్‌లు కొన్ని అది 1.008 అనుకుని తయారయ్యాయి. ఇంటెల్ పెంటియమ్ 4 నార్త్‌వుడ్ డేటాషీట్‌లో ఉన్నది 1.0021. చూడటానికి ఏమీ లేని తేడా. కానీ గుణించేది కెల్విన్‌ని కాబట్టి, 70 డిగ్రీలంటే 343 కెల్విన్ మీద అది రెండు డిగ్రీల తక్కువ రీడింగ్ అవుతుంది. ఒక బోర్డు ఈ గుణకానికి సరిపడా చిప్ వాడింది, ఇంకోటి చేతిలో ఉన్న చిప్ వాడింది. రెండూ 'లోపలి డయోడ్' చదువుతున్నాయి, రెండూ వేరు వేరు చెబుతున్నాయి.

డిజిటల్ కాలం: పైనుంచి కిందికి లెక్క

2006లో కోర్ తరంతో ఇంటెల్ ప్రాసెసర్‌లోనే డిజిటల్ సెన్సర్ పెట్టింది. ఇక బోర్డు మైక్రోవోల్టులు కొలవాల్సిన పని లేదు, అంకెని అంకెగానే అడగొచ్చు. బోర్డు మీది చిప్ పెసీ అనే ఒంటి తీగ మీద అడుగుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాసెసర్ రిజిస్టర్ (చిప్ లోపల ఒక సంఖ్యని ఉంచే గడి) లోంచి చదువుతుంది.

అయితే ఆ వచ్చే అంకె డిగ్రీల్లో ఉన్నా అది టెంపరేచర్ కాదు. ప్రాసెసర్ తనను తాను నెమ్మదింపజేసుకునే హద్దుకి ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉందో చెప్పే సంఖ్య. పెసీ మీద అది మైనస్ సంఖ్యగా, డిగ్రీలో 64వ వంతు మెట్లతో వస్తుంది. మనం చూసే మామూలు డిగ్రీలు కావాలంటే ఆ హద్దు, అంటే టీజే-మ్యాక్స్ ఎంతో తెలియాలి. 2008లో వచ్చిన నెహాలెమ్ తరం నుంచి ఆ విలువని ప్రాసెసర్ రిజిస్టర్‌లోంచి చదువుకోవచ్చు. అంతకుముందు డెస్క్‌టాప్ కోర్ 2 చిప్‌లకి ఆ సౌకర్యం లేక, ఒక ప్రోగ్రాం 95 అనుకుంటే ఇంకోటి 105 అనుకునేది. అదే చిప్, అదే క్షణం, పది డిగ్రీల తేడా.

బోర్డు వైపు కూడా ఇదే కథ. కొలిచే చిప్‌లో 'బేస్' విలువ పెట్టుకునే రిజిస్టర్ ఉంటుంది. బయోస్ అందులో ఒక సంఖ్య రాస్తుంది. ఆ సంఖ్యలోంచి పెసీ దూరాన్ని తీసేయగా వచ్చేదే తెర మీద 'సీపీయూ' అని కనిపించేది. బయోస్ రాసినవాళ్ళు ఏ సంఖ్య పెడితే అంకె అంత. నా దగ్గరున్న పాత కోర్ 2 బోర్డులో బయోస్ అంకె, లినక్స్‌లో ప్రాసెసర్ సెన్సర్‌ని చదివే కోర్‌టెంప్ డ్రైవర్ అంకె మధ్య తేడా ఐడిల్‌లోనూ లోడ్‌లోనూ కదలకుండా ఒకేలా ఉంది. పైన చెప్పిన పనిముట్టు ప్రకారం ఇది స్థిర సంఖ్య తేడా. దీనికి కూలర్ విప్పి లాభం లేదు.

ఈ డిజిటల్ సెన్సర్లని హద్దు దగ్గర సరిగ్గా చెప్పేలా సరిచేస్తారు, ఎందుకంటే ప్రాసెసర్‌ని కాపాడాల్సింది అక్కడే. హద్దుకి దూరంగా, ఐడిల్ వేడి దగ్గర, వాటి మాట అంత గట్టిది కాదు. ఐడిల్ రీడింగులు పోల్చుకుని టెన్షన్ పడేవాళ్ళని చూస్తే నాకు ఇదే చెప్పాలనిపిస్తుంది: సెన్సర్ బలహీనంగా ఉండే చోటే మీరు దాన్ని నమ్ముతున్నారు.

ఇక అసలు జంట

ఇప్పుడు మొదట చెప్పిన 20 డిగ్రీల దగ్గరికి వస్తాను. ప్రాసెసర్ ఏఎండీ రైజెన్ 7 1700ఎక్స్. బోర్డులు రెండూ ఏఎం4 సాకెట్‌వి. వాటిని చిన్న బోర్డు, పెద్ద బోర్డు అని పిలుస్తాను. చిన్నదాని మీద కొలిచే చిప్ నువోటాన్‌ది, బయోస్ పాతది. పెద్దదాని మీద ఐటీఈ చిప్, కొత్త బయోస్.

ఈ ప్రాసెసర్‌కి ఒక ప్రత్యేకత ఉంది. ఏఎండీ 2017 మార్చిలో తానే చెప్పిన విషయం: 1700ఎక్స్, 1800ఎక్స్ చిప్‌లు బయటికి చెప్పే టీ-సీటీఎల్ అనే విలువ, చిప్ అసలు వేడి కంటే 20 డిగ్రీలు ఎక్కువగా ఉంటుంది. ఏఎం4 చిప్‌లన్నిటికీ ఫ్యాన్ నియంత్రణ ఒకే తీరుగా ఉండాలని ఇలా చేశారు. అసలు వేడిని టీ-డై అంటారు. అదే తరంలోని మామూలు 1700కి ఈ 20 లేదు. తర్వాత వచ్చిన 2700ఎక్స్‌కి 10, మొదటి త్రెడ్‌రిప్పర్లు 1950ఎక్స్, 1920ఎక్స్‌కి 27. లినక్స్‌లో కే10టెంప్ డ్రైవర్ ఈ పట్టిక దగ్గర ఉంచుకుని రెండు విలువలూ చూపిస్తుంది.

చిన్న బోర్డు పాత బయోస్ టీ-సీటీఎల్‌ని అలాగే చూపిస్తోంది. పెద్ద బోర్డు కొత్త బయోస్ 20 తీసేసి చూపిస్తోంది. తేడాలో పెద్ద ముక్క అక్కడే దొరికింది. కే10టెంప్‌లో టీ-డై పక్కపక్కన పెట్టి చూస్తే 20 డిగ్రీల అగాధం పోయింది.

కానీ పూర్తిగా సున్నా కాలేదు. మిగిలింది తలకిందులుగా ఉంది. ప్రాసెసర్ వేగాన్ని ఒకే ఫ్రీక్వెన్సీకి బిగించి, అన్ని కోర్ల మీదా ఒకే లోడ్ పెట్టి, హీట్‌సింక్ నిలకడ పడేదాకా ఆగి చూశాను. గది 27 డిగ్రీలు. చిన్న బోర్డు మీద హీట్‌సింక్ 57, పెద్ద బోర్డు మీద 61. టీ-డై కూడా అటూ ఇటూ అంతే తేడా చూపింది. తెర మీద వేడిగా కనిపించిన చిన్న బోర్డు మీదే ప్రాసెసర్ నిజానికి చల్లగా ఉంది! అంకెని చూసి బోర్డు ఎంచుకుని ఉంటే సరిగ్గా తప్పుదాన్ని ఎంచుకునేవాణ్ణి.

ఆ నాలుగు డిగ్రీలు

హీట్‌సింక్ కూడా తేడా చూపించింది కాబట్టి ఇది వేడిలోని తేడా. మల్టీమీటర్ తీసుకుని, సాకెట్ వెనక వైపు ఉన్న కెపాసిటర్ల దగ్గర కోర్ వోల్టేజి నేరుగా కొలిచాను. బయోస్ చెప్పే వోల్టేజిని నమ్మలేదు, అదీ ఇంకో సెన్సరే కదా. లోడ్‌లో చిన్న బోర్డు మీద 1.20 వోల్టులు, పెద్ద బోర్డు మీద 1.28. రెండు చోట్లా వోల్టేజి సెట్టింగ్ 'ఆటో'లోనే ఉంది.

స్విచింగ్‌కి ఖర్చయ్యే పవర్ వోల్టేజి వర్గంతో పెరుగుతుంది. 1.28ని 1.20తో భాగించి వర్గం చేస్తే 1.14. గది మీద 30 డిగ్రీల పెరుగుదలని 1.14తో గుణిస్తే 34. థర్మోకపుల్ చెప్పింది కూడా 34. లీకేజ్ (స్విచింగ్ లేకపోయినా కారిపోయే కరెంటు) వల్ల ఇంకొంచెం ఎక్కువ రావాలి, అది నా థర్మోకపుల్ కొలవగలిగే హద్దు లోపలే కలిసిపోయి ఉంటుంది. తర్వాత పెద్ద బోర్డులో వోల్టేజిని చేత్తో దించి, మల్టీమీటర్ మీద 1.20 వచ్చేలా సర్దాను. హీట్‌సింక్ 57కి దిగింది.

పెద్ద బోర్డుది చెడ్డ బుద్ధి అనను. ఎలాంటి చిప్ పెట్టినా హ్యాంగ్ కాకూడదని ఆటో సెట్టింగ్‌లో కొంచెం ఎక్కువ వోల్టేజి ఇస్తారు. లోడ్ పడినప్పుడు వోల్టేజి ఎంత జారాలో చెప్పే లోడ్‌లైన్ సెట్టింగ్ కూడా బోర్డు బోర్డుకీ వేరు. ఇంటెల్ వైపు చాలా బోర్డులు పవర్ లిమిట్లు ఎత్తేసి వచ్చేవి, అక్కడ తేడా నాలుగు డిగ్రీలతో ఆగేది కాదు. రైజెన్‌లో ఇంకో చిక్కు ఉంది. ఎంత కరెంటు తాగుతున్నానో ప్రాసెసర్‌కి చెప్పేది బోర్డే. బోర్డు తక్కువ చెబితే ప్రాసెసర్ ఇంకా చోటుందనుకుని వేగం పెంచుతుంది. ఈ తేడాని చూపించే కొలమానాన్ని హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాం 2020లో చేర్చింది. నేను ఫ్రీక్వెన్సీ బిగించేశాను కాబట్టి ఈ ప్రయోగంలో అది అడ్డు రాలేదు.

ఇదే ఊపులో ఒక చిన్న సంగతి. బయోస్ తెరలో కనిపించే వేడి, ఆపరేటింగ్ సిస్టమ్ ఐడిల్ వేడి కంటే ఎక్కువ ఉండటం మామూలే. బయోస్‌లో ఉన్నంతసేపు ప్రాసెసర్ సాధారణంగా లోతైన నిద్ర స్థితుల్లోకి పోదు, లూప్‌లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని ఐడిల్ అనుకుని పోల్చకండి.

పేర్లు లేని సెన్సర్లు ఎవరివి?

లినక్స్‌లో సెన్సార్స్ కమాండ్ ఇస్తే చిన్న బోర్డు మీద పెద్ద జాబితా వచ్చింది. సీపీయూటిన్, ఆక్స్‌టిన్ 0 నుంచి 3, ఎస్ఎంబస్‌మాస్టర్ 0. పెద్ద బోర్డు మీద ఐటీఈ చిప్‌కి పేర్లు కూడా లేవు, టెంప్ 1, టెంప్ 2 అని వరస. కొలిచే చిప్‌కి బోలెడు ఇన్‌పుట్లు ఉంటాయి, బోర్డు వాటిలో కొన్నిటికే తీగలు కలుపుతుంది. ఏ ఇన్‌పుట్‌కి ఏది కలిపారో బోర్డు తయారుచేసినవాళ్ళకే తెలుసు. కలపని ఇన్‌పుట్ గాల్లో తేలుతూ ఏదో ఒక అంకె చూపిస్తుంది. 'ఆక్స్‌టిన్ 110 డిగ్రీలు, బోర్డు కాలిపోతోందా?' అని భయపడే వాళ్ళలో చాలామంది చూస్తున్నది ఇదే.

పేరుని నమ్మకుండా ప్రవర్తనని చూడాలని అనుకున్నాను. స్క్రిప్ట్ ఒకటి రాసి, లినక్స్ సెన్సర్ విలువలు చూపించే హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్ కింద ఉన్న ఇన్‌పుట్లన్నిటినీ సెకనుకి రెండుసార్లు చదివి ఫైల్లో రాయించాను. విలువలు డిగ్రీలో వెయ్యో వంతుల్లో ఉంటాయి. పక్కన ఉన్న 'టైప్' ఫైళ్ళని కూడా చదివించాను. అందులో 3 ఉంటే డయోడ్, 4 అయితే థర్మిస్టర్, 5 అయితే ఏఎండీ డిజిటల్, 6 అయితే ఇంటెల్ పెసీ అని అర్థం. కాసేపు ఐడిల్, తర్వాత ఒక్కసారిగా పూర్తి లోడ్, మళ్ళీ ఒక్కసారిగా ఆపడం. గ్రాఫ్ గీస్తే ఎవరు ఎవరో బయటపడింది.

చిప్ లోపలి సెన్సర్ లోడ్ పడ్డ సెకనులోనే గోడలా పైకి లేస్తుంది, ఆపగానే అలాగే పడిపోతుంది. ఎస్ఎంబస్‌మాస్టర్ 0 సరిగ్గా అలాగే చేసింది, టీ-సీటీఎల్‌తో అడుగులో అడుగు వేసింది. సీపీయూటిన్ అనే పేరు చూస్తే అదే అసలుదనిపిస్తుంది గానీ, అది మెల్లగా వంపు తిరుగుతూ నిమిషాల మీద ఎక్కింది, లోడ్ ఆపాక కూడా కాసేపు ఎక్కుతూనే ఉంది. సాకెట్ పక్కన బోర్డులో ఉన్న థర్మిస్టర్ అది. సాకెట్ ఎ పూసకి వారసుడు. పెద్ద బోర్డు మీద టెంప్ 3 కూడా మెల్లగా ఎక్కింది, కానీ వీఆర్‌ఎం హీట్‌సింక్ మీద చిన్న ఫ్యాన్ తిప్పగానే అదొక్కటే దిగింది. కాబట్టి అది వీఆర్‌ఎం సెన్సర్. ఇంకోటి ప్రాసెసర్ లోడ్‌కి కదలలేదు గానీ, ఎస్ఎస్‌డీల మధ్య పెద్ద ఫైళ్ళు కాపీ చేస్తుంటే కదిలింది. చిప్‌సెట్ దగ్గరిదని రాసుకున్నాను. అసలు కదలనివి గాల్లో ఉన్నవి.

ఇలా వేలితోనో చిన్న ఫ్యాన్‌తోనో ఒక్కో చోటునీ వేడిచేసి చల్లబరిచి చూడటం చాలా నమ్మకమైన పద్ధతి. పేర్లు డ్రైవర్ రాసినవాళ్ళు చిప్ డేటాషీట్‌లోంచి తీసుకున్నవి, మీ బోర్డుని చూసి పెట్టినవి కావు.

ఇప్పటి పరిస్థితి

రెండు బోర్డులకీ సెన్సార్స్ కాన్ఫిగ్ ఫైళ్ళు విడివిడిగా రాశాను. లేబుల్, ఇగ్నోర్, కంప్యూట్ అనే మూడు ఆదేశాలతో పని అయిపోయింది. లేబుల్‌తో 'సాకెట్ పక్క', 'వీఆర్‌ఎం' లాంటి నిజమైన పేర్లు, ఇగ్నోర్‌తో గాల్లో ఉన్నవాటిని దాచడం, కంప్యూట్‌తో చిన్న బోర్డు ఎస్ఎంబస్‌మాస్టర్‌లోంచి 20 తీసేయడం. ఇప్పుడు ఒకే వోల్టేజి దగ్గర రెండు బోర్డులూ టీ-డైలో ఒక డిగ్రీ లోపలే కలుస్తున్నాయి.

ఫ్యాన్‌ని మళ్ళీ బోర్డుకి తగిలించాక ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. బయోస్‌లోని ఫ్యాన్ గ్రాఫ్ ఏ అంకెని చూస్తుందో దాని ప్రకారమే గీయాలి. లినక్స్‌లో నేను దిద్దిన కాన్ఫిగ్ సంగతి బయోస్‌కి తెలియదు. చిన్న బోర్డు టీ-సీటీఎల్‌ని చూస్తుంది కాబట్టి పెద్ద బోర్డు గ్రాఫ్‌నే 20 డిగ్రీలు కుడివైపుకి జరిపి చిన్నదాంట్లో పెట్టాను. బయోస్ అప్‌డేట్ చేసిన రోజున ఆ 20 మాయమయ్యే అవకాశం ఉంది, అప్పుడు ఫ్యాన్ ఆలస్యంగా లేస్తుంది. అందుకని కాన్ఫిగ్ ఫైల్ మొదటి వరసలోనే బయోస్ వెర్షన్ రాసి ఉంచాను, అప్‌డేట్ తర్వాత లోడ్ పరీక్ష మళ్ళీ చేయాలని కూడా.

పెద్ద బోర్డులో వోల్టేజి 1.20 దగ్గర రాత్రంతా లోడ్‌లో నడిచింది, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. ఆటోకి మళ్ళీ మార్చలేదు. తర్వాతి పని సాకెట్ ఎ బోర్డు వెనక నుంచి ఆ వాడని డయోడ్ పిన్నులకి రెండు సన్నని తీగలు టంకం వేయడం. నేను కట్టిన 2ఎన్3904 సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ తీసేసి ఆ తీగలు కలిపితే, అథ్లాన్ ఎక్స్‌పీ లోపలి వేడిని నేరుగా చదవొచ్చు. తీగల రెసిస్టెన్స్ ముందే కొలిచి పెట్టుకున్నాను, రెండూ కలిపి ఓములో పదో వంతు కూడా లేదు.